కొలిమి ముందు కెమెరా

గాజు కళాకారుడి స్టూడియోకు టీవీ బృందం వెళ్తే నిప్పు దొరుకుతుంది, ఓ ముఖం దొరుకుతుంది. మరి మిగిలిన చేతుల సంగతి?

టీవీ బృందం గాజు స్టూడియోలో అడుగుపెట్టగానే మొదట ఇబ్బందిపడేది సౌండ్ రికార్డిస్టు. ఇంటర్వ్యూకు ముందు అలవాటు ప్రకారం ఫ్యాన్లు ఆపమంటాడు. ఆ తర్వాత మూల నుంచి ఆగకుండా వస్తున్న హోరు వైపు చూపించి, దాన్ని కూడా ఓ అయిదు నిమిషాలు ఆపగలరా అని అడుగుతాడు. ఆపలేరు. అది కొలిమి. లోపల దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ వేడిలో గాజు ముదురుపాకంలా కరిగి ఉంటుంది. పండగొచ్చినా పబ్బమొచ్చినా, గ్యాస్ బిల్లు చూసి గుండె గుభేలుమన్నా దాన్ని రాత్రింబవళ్లు మండిస్తూనే ఉండాలి. హఠాత్తుగా చల్లారితే గాజుతోపాటు దాన్ని పట్టి ఉంచిన మూస కూడా బీటలు వారుతుంది. కాబట్టి ఇంటర్వ్యూ ఆ హోరులోనే సాగుతుంది.

తర్వాత వంతు కెమెరామన్‌ది. గొట్టం చివర నారింజ రంగులో వేలాడుతున్న ముద్దను చూసి అతడు మురిసిపోతాడు. లైట్లు పెట్టాల్సిన పని లేదు, ఆ ముద్దే దీపం. కాకపోతే అతడు నిలబడాలనుకున్న చోటు ఎప్పుడూ కొలిమికీ బల్లకీ మధ్య దారిలోనే ఉంటుంది. ఆ దారిలో ఎవరూ నిలబడకూడదన్నది ఏ స్టూడియోలోనైనా మొదటి నియమం. దానికి తోడు గాజుకు రీటేక్ లేదు. ఎర్రగా ఉన్నంతసేపే అది మాట వింటుంది. రంగు తగ్గుతుంటే బిగుసుకుంటుంది, మరికాస్త ఆలస్యమైతే పగులుతుంది. దర్శకుడు ‘ఇంకోసారి’ అంటే ఆ ముద్దను పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. వంటల కార్యక్రమం చేసొచ్చిన బృందానికి ఇది కొరుకుడుపడదు.

ఇంత తంటా ఉన్నా కెమెరాలు గాజు కొలుముల చుట్టూ తిరగడం మానలేదు. ప్రపంచంలో మరే హస్తకళా తెరమీద ఇంతగా పండదేమో. కుండ చేయడం చూడముచ్చటగా ఉంటుంది, నేత చూస్తే గౌరవం కలుగుతుంది. గాజు ఊదడంలో మాత్రం ప్రమాదం ఉంది, గడువు ఉంది, చివరి నిమిషంలో అంతా నేలపాలయ్యే అవకాశం ఉంది. కథకు కావలసిన దినుసులన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆ సంగతి అందరికన్నా ముందు పసిగట్టి, తన కొలిమి తలుపులు కెమెరాలకు బార్లా తెరిచిన మనిషి అమెరికాకు చెందిన డేల్ చిహూలీ. గాజును మ్యూజియంల గుమ్మం దాటించి ఇంటింటి టీవీలోకి తెచ్చిన పేరు అది. విచిత్రమేమిటంటే, ఆయన పేరు మార్మోగిన కాలంలో చాలా భాగం గొట్టం పట్టి ఊదింది ఆయన కాదు.

1941లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో పుట్టిన చిహూలీ 1976లో ఇంగ్లాండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఎడమకంటి చూపు కోల్పోయాడు. అప్పటి నుంచి కంటికి నల్లటి గంత కట్టుకునే తిరిగాడు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తేగానీ లోతు సరిగా అందదు. వేడి గాజుతో పనిచేసేవాడికి అది చిన్న లోటు కాదు. అయినా కొంతకాలం నెట్టుకొచ్చాడు. 1979లో సముద్రపు అలల మీద ఆడుతూ భుజం కీలు తప్పించుకున్నాక బరువైన గొట్టాన్ని ఎత్తి తిప్పడం ఇక కుదరలేదు. ప్రధాన పనివాడి బల్లను మరొకరికి అప్పగించి తాను పక్కన నిలబడ్డాడు. కాగితం మీద రంగులతో విసురుగా గీతలు గీసేవాడు, ఇలా ఉండాలి అనేవాడు, మరొకరు ఊదేవారు. ఒక అడుగు వెనక్కి వేశాకే పని మొత్తం కనిపించిందని ఆ తర్వాత ఆయన చెప్పుకున్నాడు. కెమెరాకు కూడా అది కలిసొచ్చింది. చెమటలు కక్కుతూ, మాట్లాడే తీరిక లేకుండా గొట్టం తిప్పుతున్న మనిషి కంటే, కంటికి గంత, రంగులు చిందిన బూట్లతో తీరిగ్గా మాట్లాడే మనిషి తెరకు బాగుంటాడు.

అసలు గాజు కొలిమిని పరాయివాళ్లకు చూపించడమన్నదే చరిత్రలో పెద్ద మలుపు. 1291లో వెనిస్ గణతంత్రం తన గాజు కొలుములన్నింటినీ పక్కనున్న మురానో దీవికి తరలించింది. నగరానికి నిప్పంటుకుంటుందన్న భయం ఒక కారణం. పనివాళ్లంతా ఒకేచోట కళ్లముందు ఉంటే రహస్యం గడప దాటదన్నది తర్వాత తెలిసొచ్చిన లాభం. మురానో పనివాళ్లకు సంఘంలో గౌరవం దక్కింది, అనుమతి లేకుండా వెనిస్ రాజ్యం దాటి వెళ్లే స్వేచ్ఛ మాత్రం దక్కలేదు. వృత్తి నైపుణ్యాన్ని రాజ్య రహస్యంగా కాపాడుకున్న ఉదాహరణలు రాజనీతి పాఠాల్లో చాలానే కనిపిస్తాయి గానీ, ఇంత కాలం నిలిచినవి తక్కువ.

దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పుట్టింది అమెరికా స్టూడియో గాజు ఉద్యమం. 1962లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ఆర్ట్ మ్యూజియం ఆవరణలో హార్వీ లిటిల్‌టన్ అనే కుండల కళాకారుడు రెండు వర్క్‌షాపులు నడిపాడు. ఫ్యాక్టరీ లేకుండా, ఒక్కడే, చిన్న కొలిమితో గాజు పని చేయొచ్చని నిరూపించడం ఆయన లక్ష్యం. కరిగే గాజు, కొలిమి విషయంలో డొమినిక్ లాబీనో అనే పరిశ్రమ నిపుణుడు సాయపడకపోతే ఆ ప్రయత్నం మొదటి వారంలోనే మూలపడేది. తర్వాత లిటిల్‌టన్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినప్పుడు వచ్చిన శిష్యుల్లో చిహూలీ ఒకడు. గురువు ఒంటరి కళాకారుణ్ని కలగన్నాడు. శిష్యుడు 1968లో ఫుల్‌బ్రైట్ వేతనంతో మురానోలోని వెనీని ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కడ మనుషులు జట్టుగా పనిచేయడం చూసి, ఆ కలను తలకిందులు చేసుకుని తిరిగొచ్చాడు.

1971లో సియాటిల్‌కు ఉత్తరాన అడవిలో చిహూలీ, ఆయన మిత్రులు, పోషకులు కలిసి పిల్‌చక్ గాజు పాఠశాల పెట్టారు. 1979లో మురానో నుంచి లీనో తాల్యాపియెత్రా అనే మహా పనివాడు అక్కడికి పాఠం చెప్పడానికి వచ్చాడు. పదకొండేళ్ల వయసులో కొలిమి దగ్గర చేరిన మనిషి. తాతల నాటి కిటుకులు అమెరికన్లకు ధారపోస్తున్నాడని సొంత దీవిలో కొందరు మండిపడ్డారు. ఆయన మాత్రం వస్తూనే ఉన్నాడు. తాళం వేసిన కొలిమి అలా తెరుచుకుంది. 1990లో సియాటిల్‌లోని యూనియన్ సరస్సు ఒడ్డున చిహూలీ కొన్న పాత పడవల కార్ఖానా ‘బోట్‌హౌస్’ స్టూడియోగా మారేసరికి, అక్కడ గాజు ఊదడం ఎంత మామూలో షూటింగ్ అంత మామూలైపోయింది.

టీవీ కెమెరాకూ గాజు కళాకారుడికీ కుదిరిన చెలిమికి పరాకాష్ఠ ‘చిహూలీ ఓవర్ వెనిస్’. 1995లో ఫిన్లాండ్‌లోని నూతాయార్వి, ఐర్లాండ్‌లోని వాటర్‌ఫర్డ్, ఆ తర్వాత మెక్సికోలోని మాంటెరే ఫ్యాక్టరీలకు చిహూలీ తన జట్టుతో వెళ్లాడు. స్థానిక పనివాళ్లతో కలిసి గాజు ఊదించి, చివరికి మురానో చేరాడు. 1996 సెప్టెంబరులో వెనిస్ కాలువల మీద, కూడళ్లలో 14 భారీ షాండ్లియర్లు వేలాడదీశాడు. ఈ ప్రయాణమంతా చిత్రబృందం వెంట ఉంది. అలా తయారైన డాక్యుమెంటరీని అప్పట్లో అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచిన పీబీఎస్ 1998 నవంబరులో ప్రసారం చేసింది. హై డెఫినిషన్‌లో దేశవ్యాప్తంగా ఆ సంస్థ ఇచ్చిన తొలి కార్యక్రమాల్లో అదొకటి. కొత్త టీవీ గొప్పదనం జనానికి చూపించాలంటే వెలుగును మింగి కక్కే గాజు కంటే మంచి వస్తువేముంటుంది?

ఆ సినిమాలో ఎవరూ మరిచిపోని ఘట్టం నూతాయార్విలో జరిగింది. కొలిమి నుంచి వచ్చి చల్లారిన గాజు రూపాలను చిహూలీ వంతెన మీది నుంచి నదిలోకి విసిరాడు. కొన్ని పగిలాయి, చాలా తేలాయి. వాటిని ఏరుకురావడానికి ఊరి కుర్రాళ్లు చెక్క పడవల్లో వెళ్లారు. రంగు రంగుల గాజుతో నిండి ఒడ్డుకొచ్చిన పడవలను చూసి ఆయన ముగ్ధుడయ్యాడు. ఆ తర్వాత ఆయన ప్రదర్శనల్లో కనిపించిన గాజు నిండిన పడవలకు మూలం అదే. కెమెరా లేకపోతే ఆ విసురుడు జరిగేదా అన్న అనుమానం సహజం. జరిగేదనే నా నమ్మకం. కాకపోతే నదిలోకి విసరడానికి అన్ని గాజు బుడగలను ఊదిపెట్టిన ఫిన్లాండ్ పనివాళ్ల ముఖాలు ఎన్ని గుర్తున్నాయని అడిగితే, సినిమా చూసిన ఎవరైనా కాసేపు తడుముకోవాల్సిందే.

పేచీ అంతా ఇక్కడే ఉంది. స్టూడియోలో కెమెరా ఎటు తిరిగితే పేరు అటే పోతుంది. ఒక పెద్ద పాత్ర తయారవుతుంటే కనీసం నలుగురైదుగురు కదులుతుంటారు. ఒకరు కొలిమి నుంచి గాజు తెస్తారు, ఒకరు ప్రధాన పనివాడు చెప్పినప్పుడల్లా గొట్టంలోకి ఊదుతారు, ఒకరు వేడి నుంచి అతడి చేతిని కాపాడటానికి చెక్క పలక అడ్డం పెడతారు, ఒకరు మరో ఇనుప కడ్డీ చివర చిన్న గాజు ముద్దతో పాత్ర అడుగును అందుకోవడానికి కాచుకుని ఉంటారు. మందపాటి చేతితొడుగులు వేసుకున్న ఇంకొకరు చివర్లో దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని పరుగెత్తుతారు. తడిపిన న్యూస్ పేపర్ మడత ఒక్కటే అరచేతికీ మండే గాజుకూ మధ్య అడ్డు. (వార్తాపత్రికకు ఇంతకు మించిన సద్వినియోగం నేను చూడలేదు.) వాళ్ల మధ్య మాటలు తక్కువ. ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో కళ్లతోనే తెలుస్తుంది. క్లోజప్‌లో కనిపించేది మాత్రం గాజు, కళాకారుడు. ఆ నలుగురూ ఫ్రేము అంచున మోచేతులుగా మిగిలిపోతారు.

చిహూలీని తప్పుపట్టడం తేలిక. మరీ అంత తేలిగ్గా తీర్పు చెప్పనక్కర్లేదు కూడా. తాను ఊదడం లేదన్న సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు, కెమెరా ముందే చెప్పాడు. సినిమా దర్శకుడితో, భవన శిల్పితో తనను పోల్చుకున్నాడు. సినిమాతో పోలిక వచ్చింది కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మన సినిమావాళ్లు 24 శాఖలని గొప్పగా చెప్పుకుంటారు. హీరో పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడినా, లైట్‌మన్ దాకా పేర్లు తెరమీద కదిలిపోతాయి. చదివేవాళ్లు లేకపోయినా అక్కడ ఉంటాయి. మ్యూజియంలో గాజు శిల్పం పక్కన అంటించిన చీటీ మీద అన్ని పేర్లకు చోటుండదు.

ఈ ప్రశ్న కోర్టు మెట్లు కూడా ఎక్కింది. 2005లో చిహూలీ తన రూపాలను కాపీ కొట్టారంటూ ఇద్దరు గాజు కళాకారుల మీద కాపీరైట్ దావా వేశాడు. వాళ్లలో ఒకరు ఏళ్ల తరబడి ఆయన దగ్గరే పనిచేసిన మనిషి. సముద్రపు గవ్వలు, పువ్వుల్లా ఒంపులు తిరిగే గాజు ఎవరి సొత్తు? గొట్టం చివర ముద్దను తిప్పితే, భూమి లాగితే, అది తనంతట తాను తీసుకునే ఆకారానికి హక్కుదారు ఎవరు? ఏళ్ల తరబడి ఆ ఒంపులు తిప్పిన చేతులు సొంతంగా బల్ల పెట్టుకుంటే వేరే ఒంపులు ఎక్కడి నుంచి తేవాలి? కోర్టు వీటికి జవాబు చెప్పే అవసరం రాలేదు. 2006లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. 2017లో మరొకరు, చిహూలీ పేరిట వచ్చిన చిత్రాల్లో తన చెయ్యి ఉందని, వాటా కావాలని దావా వేస్తే 2019లో ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు. ఆ వివాదం నడుస్తున్నప్పుడే తాను దశాబ్దాలుగా బైపోలార్ సమస్యతో బాధపడుతున్నట్టు చిహూలీ కుటుంబం బయటపెట్టింది. అంత కాలం అన్ని కెమెరాల మధ్య బతికిన మనిషి గురించి కెమెరాలకు తెలియని విషయం అది.

2019లోనే నెట్‌ఫ్లిక్స్‌లో ‘బ్లోన్ అవే’ వచ్చింది. ఈసారి టీవీ బృందం స్టూడియోకు వెళ్లలేదు, స్టూడియోనే కట్టించుకుంది. కెనడాలోని హామిల్టన్‌లో ఒక గోదాములో పదిమంది ఒకేసారి పనిచేసేలా కొలుములు అమర్చి పోటీ పెట్టారు. తొలి సీజన్‌లో న్యూయార్క్ కళాకారిణి డెబొరా చెరెస్కో గెలిచింది. కొలిమి దగ్గర ఆడవాళ్లకు చోటేదని ఏళ్ల తరబడి అడిగిన మనిషి అంతమందిమి చూస్తుండగా గెలవడం ఆ కార్యక్రమం చేసిన మంచిపని. గాజు అన్నది పెళుసు వస్తువు కాదు, ఒక క్రీడ అన్నంత ఉత్సాహం తెప్పించింది. పక్కన సాయం చేసిన సహాయకులు మాత్రం ఎలిమినేషన్‌లూ కన్నీళ్లూ లేకుండా, గొట్టాలు అందిస్తూ, తలుపులు తెరుస్తూ నిశ్శబ్దంగా వచ్చి వెళ్లారు.

చేతుల తర్వాత కెమెరా వదిలేసే రెండో సంగతి కాలం. పాత్ర తయారైనట్టు మనకు తెరమీద కనిపించిన క్షణానికి నిజానికి పని సగంలోనే ఉంటుంది. దాన్ని దాదాపు 500 డిగ్రీల వేడి ఉన్న పెట్టెలో పెట్టి, గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. గాజు పైపొర ముందు చల్లబడి ముడుచుకుంటుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ పెనుగులాట తీరకుండా బయటపెడితే ఆ రాత్రికో, నాలుగు రోజుల తర్వాతో ఎవరూ ముట్టుకోకుండానే పగిలిపోతుంది. మామూలు పాత్రకు ఒక రాత్రి చాలు. మందం పెరిగేకొద్దీ రోజులు, వారాలు పడుతుంది. సాయంత్రం విమానానికి టికెట్లున్న బృందానికి అంత ఓపిక ఎక్కడిది? చివరి షాట్‌లో యాంకర్ చేతిలో మెరిసే పాత్ర మనం చూసింది కాదు, అంతకు ముందెప్పుడో చేసిన దాని తోబుట్టువు.

ఈ తొందరకు గాజు నేర్పిన గుణపాఠం ఒకటి టీవీ ఇళ్లలోకి రాకముందే ఉంది. 1934 మార్చి 25న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కంపెనీ, పాలొమార్ పర్వతం మీది టెలిస్కోపు కోసం 200 అంగుళాల గాజు పళ్లెం పోత పోసింది. వేలమంది జనం, పత్రికలవాళ్లు తరలివచ్చారు. కరిగిన గాజును గరిటెలతో పోస్తుండగా వేడికి అచ్చులోని దిమ్మలు ఊడి, అందరి కళ్లముందే పైకి తేలాయి. ఆ ఏడాది డిసెంబరు 2న, హడావుడి లేకుండా మళ్లీ పోశారు. ఈసారి కుదిరింది. ఆ పళ్లేన్ని చల్లార్చడానికి దాదాపు పది నెలలు పట్టింది. మధ్యలో 1935 జులైలో ఊళ్లోని నది పొంగి, విద్యుత్ పరికరాలు మునిగి మూడు రోజులు వేడి అదుపు తప్పింది కూడా. అయినా బతికింది. జనం చూస్తుండగా పాడైన మొదటి పళ్లెం కార్నింగ్ గాజు మ్యూజియంలో కొలువుదీరింది. ఎవరూ చూడనప్పుడు కుదిరినది కొండమీద నక్షత్రాల పనిలో పడింది.

అలాగని కెమెరా చేసిందంతా అన్యాయమేనంటే ఒప్పుకోలేం. డచ్ దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో లీర్‌డామ్ గాజు ఫ్యాక్టరీలో తీసిన ‘గ్లాస్’ చూడండి. పట్టుమని పన్నెండు నిమిషాలు లేదు, వ్యాఖ్యానం లేదు, జాజ్ సంగీతం మాత్రం ఉంది. బుగ్గలు పూరించి ఊదే పనివాళ్ల ముఖాలు, వేళ్లు, పెదవుల మధ్య పైపులు. ఆ తర్వాత సీసాలు చేసే యంత్రం. మెడ విరిగిన ఒక సీసా అడ్డుపడితే, దాన్ని పట్టించుకోని యంత్రం వరసగా సీసాలను పగలగొడుతూ పోతుంది, ఒక మనిషి చెయ్యి వచ్చి దాన్ని తీసేదాకా. ఫ్యాక్టరీ కోరి తీయించుకున్నది వేరే ప్రచార చిత్రం. దాంతోపాటు పుట్టిన ఈ చిన్న సినిమాకే 1960లో ఆస్కార్ వచ్చింది. పేరున్న కళాకారుడు ఒక్కడూ లేడు అందులో. ఉన్నదంతా పనివాళ్లే.

చిహూలీ సినిమాకు కూడా కాలం మరో విలువ తెచ్చిపెట్టింది. వాటర్‌ఫర్డ్ పెద్ద ఫ్యాక్టరీ 2009లో మూతపడింది. 1793లో మొదలైన నూతాయార్వి ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఆ కొలుముల ముందు మనుషులు ఎలా నిలబడేవారో, గొట్టం ఎలా అందించుకునేవారో చూడాలంటే 1995లో కళాకారుడి వెంట వచ్చిన ఆ కెమెరాయే ఇప్పుడు దిక్కు. ఫ్రేము అంచున మిగిలిన మోచేతులైనా సరే, మిగిలాయి.

ఆ మాత్రం అదృష్టం కూడా మన దేశంలో చాలామందికి పట్టలేదు. తెలుగులో పదార్థానికీ, దానితో చేసిన నగకూ ఒకటే పేరు: గాజు. గాజు అనగానే మనకు గుర్తొచ్చేది కిటికీ కాదు, చెయ్యి. ఆ చేతికి వేసే గాజుల్లో అత్యధికం, అవి చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో కొన్నవైనా, జాతరలో బేరమాడి వేయించుకున్నవైనా, వచ్చేది ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచే. అక్కడ ఒక గాజు మన చేతికి చేరేలోగా పదుల చేతులు మారుతుంది. కొలిమి నుంచి గాజు ముద్దను కడ్డీ మీద తెచ్చేవాళ్లు ఒకరు, దాన్ని సన్నటి తీగలా తిరిగే రోకలి మీదికి లాగేవారు ఇంకొకరు. స్ప్రింగులా చుట్టుకున్న ఆ తీగను నిలువునా కోస్తే నోరు తెరిచిన గాజులు వస్తాయి. వాటిని మూడొందలకు పైగా కలిపి ఒక కట్టగా కట్టి ఇళ్లకు పంపుతారు. వంకర సరిచేసే పని ‘సదాయీ’, కొసలు అతికే పని ‘జుడాయీ’. చిన్న మంట ముందు కూర్చుని రెండు కొసలనూ కరిగించి కలపాలి. ఇళ్లలో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ఫిరోజాబాద్‌కు కెమెరాలు రాలేదా అంటే, వచ్చాయి. దేశవిదేశాల నుంచి బాగానే వచ్చాయి. పిల్లలు నిప్పు ముందు పనిచేస్తున్నారని చూపించడానికి వచ్చాయి, చూపించాల్సిందే. హైదరాబాద్‌లో పెరిగిన రచయిత్రి అనీస్ జంగ్ ఫిరోజాబాద్ గాజుల ఇళ్ల గురించి రాసిన వ్యాసాన్ని సీబీఎస్‌ఈ విద్యార్థులు పన్నెండో తరగతి ఇంగ్లిష్‌లో తరాలుగా చదివారు. కారు మెకానిక్ కావాలని కలగనే కుర్రాడు అందులో చాలామందికి గుర్తుండే ఉంటాడు. ఆ తర్వాత తాజ్‌మహల్‌కు పొగ తగులుతోందన్న కేసు. 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు తీర్పుతో తాజ్ పరిసర ప్రాంతంలోని పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువుకు మారాల్సి వచ్చింది, ఫిరోజాబాద్ కొలుములు కూడా. అప్పుడూ కెమెరాలు వచ్చాయి. ఒకసారి జాలి కోసం, ఒకసారి పొగ కోసం. స్టూడియో కళాకారుడి దగ్గరకు వెళ్లిన బృందం ‘ఇది ఎలా చేస్తారు’ అని అడుగుతుంది. ఫిరోజాబాద్‌కు వెళ్లిన బృందం ‘ఎంత ఇస్తారు’ అని అడుగుతుంది. రెండో ప్రశ్న చాలా అవసరం. మొదటి ప్రశ్న అక్కడ అసలు వినిపించకపోవడమే బాధ. తిరిగే రోకలి మీద అంత సన్నటి తీగను, ఒకే మందంతో, తెగకుండా లాగడం మురానోలో అయితే మహా పనితనం.

మొదటి ప్రశ్న అడిగినవాడు మన దగ్గర ఒకడున్నాడు, కాకపోతే టీవీ మనిషి కాదు. తిరుపతికి దగ్గర్లో, గుడిమల్లం శివాలయానికి కొద్ది దూరంలో ఉన్న పాపానాయుడుపేటకు పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ అనే అమెరికన్ పూసల పరిశోధకుడు వచ్చాడు. కొలిమిలోని గాజు ముద్ద మధ్యలోకి పొడవాటి ఇనుప గొట్టాన్ని దూర్చి, బోలుగా చేసి, గోడకున్న రంధ్రంలోంచి ఒక మనిషి గంటల తరబడి చేతులు మార్చుకుంటూ సన్నటి గాజు గొట్టంగా లాగడం అక్కడ చూశాడు. ఆ గొట్టాన్ని ముక్కలు చేసి, బూడిదతో కలిపి వేడిమీద కలియబెడితే అంచులు నున్నబడి పూసలవుతాయి. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు తవ్వకాల్లో దొరికిన, సుమారు రెండువేల ఏళ్ల కిందట ఆగ్నేయాసియా నుంచి ఆఫ్రికా దాకా ఓడలెక్కిన చిట్టి పూసల తయారీకి ఇదే జీవించి ఉన్న సాక్ష్యమని ఆయన వాదించాడు. వాటికి ‘ఇండో పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆసియా సముద్ర పూసల వర్తకం గురించి ఆయన రాసిన పుస్తకం 2002లో వెలువడింది. అదే ఏడాది ఘనాలో, పూసల పనిమీదే తిరుగుతూ కన్నుమూశాడు. పరిశోధకులకు ఆ ఊరి పేరు తెలుసు. తిరుపతి దాకా వెళ్లి దర్శనం చేసుకుని, గుడిమల్లం లింగాన్ని కూడా చూసి వెనక్కి తిరిగే యాత్రికుల్లో ఎంతమందికి తెలుసు?

లాడ్ బజార్ దుకాణంలో గాజులు వేసే ఆమె, డజను తీసుకుని వేళ్ల మధ్య ఒకదానికొకటి తాకిస్తుంది. బీటపడిన గాజు ఉంటే మోత మొద్దుగా వస్తుంది, దాన్ని తీసి పక్కన పెడుతుంది. ఆ తర్వాత ఒక్కోదాన్నీ తిప్పి వేలితో తడిమి చూస్తుంది. ఫిరోజాబాద్‌లో ఎవరో రెండు కొసలనూ మంట మీద కలిపిన చోటు కోసం ఆ వెతుకులాట. గరుకుగా తగిలితే చెయ్యి గీసుకుంటుంది కాబట్టి అదీ పక్కకే. వేలికి ఏమీ తగలకపోతే చేతికి ఎక్కిస్తుంది.